వెండెల్ ఊపిన చెయ్యి

తారు వానకు కరగదు. కరిగిందంటే అది తారు కాదు. మా వీధిలో అందరికీ ఈ మాట నేర్పినవాడు వెండెల్ ప్రూసాక్.

ఆయన ముప్పై ఒక్క ఏళ్లు మా టౌన్‌షిప్ రోడ్ల మీద పనిచేశాడు. మొదటి ఆరేళ్లూ ఒకటే పని. సగం దారి మూసిన చోట నారింజరంగు చొక్కా వేసుకుని నిలబడి బండ్లను ఆపడం, పంపడం. అరచెయ్యి నిలబెడితే ఆగాలి. తన వైపు మెల్లగా ఊపితే రావచ్చు. మలుపు అవతల ఏముందో కనపడని డ్రైవర్లు ఆ చేతిని చూసి ముందుకొచ్చేవాళ్లు. స్కూలు బస్సు తోలే నేనూ వచ్చాను, వెనక నలభై మంది పిల్లలతో, ఎన్నోసార్లు.

ఈరీ సరస్సు గాలి నేరుగా తగిలే ఊరు మాది. చలికాలం నీళ్లు పగుళ్లలోకి దిగి, గడ్డకట్టి, ఇంటిముందు కారు నిలిపే తారుబాటను లోపల్నుంచి చీలుస్తాయి. అందుకే రెండు మూడేళ్లకోసారి పైన నల్లపూత వేయించుకోవాలి. ఎప్పుడు, ఎలా అన్నది మార్చి నెల శుక్రవారాల్లో తేలేది. ఈస్టరు ముందు మాంసం మానే రోజులు కనుక, చర్చి నేలమాళిగలో వేయించిన చేపల భోజనం. పళ్లేలు పట్టుకుని అందరూ వెండెల్ బల్ల దగ్గరికే చేరేవాళ్లు.

"ముందు కడుగు. తర్వాత పగుళ్లు పూడ్చు. ఆ తర్వాతే పూత. పల్చగా, రెండుసార్లు. రెండు రోజులు ఎండ ఉంటుందంటేనే మొదలుపెట్టు."

"నీ శవపెట్టెకి కూడా రెండు పూతలేనా వెండెల్?" అని ఎవరో ఒకరు ఆటపట్టించేవాళ్లు.

"రెండే. పల్చగా." చేప నములుతూనే వేలు ఎత్తేవాడు. "ఇంకోటి. ఎవడైనా తలుపు కొట్టి, పక్కవీధిలో పనిచేశాం, సరుకు మిగిలిందన్నాడా, తలుపేసెయ్. పని తెలిసినవాడికి సరుకు మిగలదు."

తన బాటకి తనే పూత వేసుకునేవాడు. పొడుగు కర్రకు రబ్బరు బద్ద బిగించి, నీడను ఒడ్డుకు నెడుతున్నట్టు, నలుపును అంచుదాకా తోసేవాడు. కానీ ఈ జూన్‌లో ఆపరేషన్ చేసి ఆయనకి కొత్త మోకాలు వేశారు. నడవచ్చు, మోకాళ్ల మీద వంగకూడదన్నారట. ఆ రెండో మాట ఎవరికీ చెప్పలేదు. సెప్టెంబరు వచ్చేసరికి ఆయన బాట ఏనుగు చర్మంలా బూడిదరంగుకు తిరిగింది.

"చెయ్యి వెయ్యనా?" అని నేనొకసారి అడిగాను.

"నీ బస్సు సంగతి నువ్వు చూసుకో, డోరీన్."

ఆ నెల మూడో గురువారం ఒక ట్రక్కు వచ్చి ఆయన ఇంటిముందు ఆగింది. ఉతికిన చొక్కా వేసుకున్న మనిషొకడు దిగాడు. వెనక ఇద్దరు పనివాళ్లు.

"పక్కవీధిలో పనిచేశాం పెద్దాయనా. సరుకు కాస్త మిగిలింది."

తలుపేసెయ్యాలి. వెండెల్ చెయ్యి తలుపు మీదే ఉంది. ఆ మనిషి వంగి బాట అంచును వేలితో నిమిరాడు.

"ఈ అంచు ఎవరు తీశారండీ? ఇది రోడ్డు మీద బతికినవాడి చెయ్యి. ఇప్పుడిలా ఎవడికి చేతనవుతుంది?" తలెత్తి నవ్వాడు. "మీరు కూర్చోండి. వంగి వంగి చాలు మీకు. ఇక మేం వంగుతాం."

మోకాలి సంగతి అడగకుండానే ఆ మాట అన్నవాడు వాడొక్కడే. "సరే, కానివ్వండి," అన్నాడు వెండెల్.

ట్యాంకు మూత తీశారు. అసలు సరుకైతే గొంతులో గీరుకునే వాసన. ఇది తడిసిన బూడిదలా, దూరంగా ఎక్కడో డీజిలు ఒలికినట్టు వచ్చింది. గొట్టంలోంచి టీలా జారింది. ఇందులో సగం నీళ్లేనన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆపమంటే, అసలెందుకు ఒప్పుకున్నావని ఎవరో ఒకరు అడుగుతారు. బాట అప్పటికే రాత్రిపూట ఏరులా మెరుస్తోంది. మింగేశాడు.

అప్పుడే ఎదురింటి తలుపు తెరుచుకుంది. మిసెస్ జెరాల్డీన్ హక్. ఎనభై మూడేళ్లు, ఒకప్పుడు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసింది. నడకకి ఊతమిచ్చే చక్రాల బండిని పట్టుకుని వసారా చివరికొచ్చింది.

"వెండెల్! వీళ్లు మంచివాళ్లేనా? నాదీ చేయించుకోనా?"

ఉతికిన చొక్కా మనిషి ఆయన భుజం పక్కనే నిలబడి, నవ్వుతూ, ఆయన వైపే చూస్తున్నాడు. వెండెల్ చెయ్యి పైకి లేచింది. అరచెయ్యి నిలబడాలి. నిలబడలేదు. తన వైపు మెల్లగా ఊగింది. రండి, దారి ఉంది.

శనివారం వాన పడింది. వాళ్లు డబ్బు పుచ్చుకుని పూసిన రెండిళ్ల ముందునుంచీ నల్లనీళ్లు కాలవలోకి దిగాయి. జెరాల్డీన్ పిల్లి నల్ల పాదాలతో ఆమె మీగడరంగు తివాచీ మొత్తం తిరిగింది. ట్రక్కువాడి ఫోను మోగదు. వెండెల్ కిటికీ తెరలు దించేశాడు.

ఆదివారం ప్రార్థన తర్వాత జెరాల్డీన్ నన్ను పిలిచి, రోడ్డు దాటించమంది. ఆమె బండి బుట్టలో వెచ్చటి గుమ్మడి రొట్టె, పల్చటి అల్యూమినియం రేకులో చుట్టి ఉంది.

"అయ్యో వెండెల్," అంటూ ఆయన మోచెయ్యి తట్టింది. "నిన్నే బురిడీ కొట్టించారంటే ఇక నేనెంత? నువ్వు సిగ్గుపడకు. సిగ్గుపడాల్సింది వాళ్లు."

"థాంక్స్," అన్నాడాయన, తన చెప్పుల వైపు చూస్తూ.

ఆ తర్వాత మూడు రోజులు ఆయన బయటికి రాలేదు. చెత్తబండి వచ్చిపోయినా డబ్బా కదల్లేదు. బుధవారం వెళ్లి తలుపు తట్టాను. బల్ల మీద రొట్టె అలాగే ఉంది, రేకు విప్పకుండా.

"నాకు తెలుసు, డోరీన్. ఆవిడ తలుపు తియ్యకముందే తెలుసు." అంతా చెప్పాడు, వాసన, టీ, మోకాలు, చెయ్యి.

"ఇప్పుడు ఆవిడకి చెప్పి ఏం లాభం? ఎలాగూ కొట్టుకుపోయింది," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు నా నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

"ఆవిడ నా మీద జాలిపడుతోంది," అన్నాడు. "ఆ జాలి నేను దొంగిలించింది."

రొట్టె పట్టుకుని రోడ్డు దాటాడు. నేను వెనకే వెళ్లాను కానీ ఆమె గేటు దగ్గరే ఆగిపోయాను. ఆయన మెట్లెక్కలేదు. కిందే నిలబడి చెప్పాడు. ఆమె వసారా అంచుదాకా వచ్చింది.

"ఆ వాసన నీకు అప్పుడే తెలిసిందా?"

"తెలిసిందండీ."

"మరి చెయ్యి ఎందుకు ఊపావు?"

"వంగలేనని చెప్పుకోవడం... సిగ్గనిపించింది."

"నా ముందా?"

ఆయన చూపు ఆమె బండి చక్రాల మీద పడింది.

"మూడేళ్లుగా ఈ బండి తోసుకుంటూ మీ అందరి మధ్యే తిరుగుతున్నాను," అందామె. గొంతు పెంచలేదు. "నీ కళ్లకి నేనెలా కనిపిస్తున్నాను వెండెల్?"

డబ్బు తను ఇస్తానన్నాడు. ఆమె చేత్తో గాలిని తోసేసింది. రొట్టె మాత్రం తీసుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున్న ఆయన ఒక బకెట్టు తెచ్చి ఆమె బాట మొదట్లో బోర్లించి, దాని మీద కూర్చున్నాడు. వంగలేడు కనుక కూర్చునే బ్రష్షుతో గీకాడు. కూర్చునే పగుళ్లలో మట్టి ఊడ్చి, పూడ్చే మందు పోశాడు. లేచి, బకెట్టు ఒక అడుగు జరిపి, మళ్లీ కూర్చున్నాడు. జూన్ నుంచి ఆయన దాచిన మోకాలిని వీధి వీధంతా చూసింది. నా బస్సు అటు వెళ్లినప్పుడు పిల్లలు కిటికీల్లోంచి చేతులూపారు. ఆయన చెయ్యి అలవాటుగా లేవబోయింది. దాన్ని ఒళ్లో పెట్టేసుకున్నాడు.

మూడో రోజు జెరాల్డీన్ కిటికీ తెరుచుకుంది.

"మెయిల్‌బాక్సు దగ్గర ఒక పగులు వదిలేశావు."

"దాని దగ్గరికే వస్తున్నానండీ."

"పొద్దున్నుంచీ వస్తున్నావు."

నాలుగో రోజుకి పగుళ్లన్నీ నిండాయి. కానీ ఆ రాత్రి సరస్సు మీంచి చలి దిగింది. చలిలో పూత ఆరదు. జెరాల్డీన్ బండి తోసుకుంటూ వసారా చివరికి వచ్చి, బూడిదరంగు మీద నల్లచారలు పాకిన తన బాటను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది.

"మే దాకా ఇలాగే ఉంటుందా?"

"ఇలాగేనండీ."

"నీది?"

"నాదీ ఇలాగే."

"అయితే వచ్చేపోయే వాళ్లంతా చూస్తారు."

"చూస్తారు."

ఆమె తన బాటనీ ఎదుటి బాటనీ మార్చి చూసింది. చలికి కోటు దగ్గరికి లాక్కుంది.

"సరే. మేలో నీ పూత డబ్బా తెచ్చుకో. మూత నా ముందు తియ్యి," అంది. "వాసన నేను చూస్తాను."