బేరింగుల మోతలో వినపడని సైరన్

మొన్న ముసురు పట్టిన రోజుల్లో, ఖమ్మంలో మా వీధి చివరి మెకానిక్ షాపులో నా స్కూటర్ వెనక చక్రం విప్పి, అందులోని బేరింగును కిరోసిన్ డబ్బాలో వేసి పాత బ్రష్షుతో రుద్దుతుంటే, మాడిన గ్రీజూ కిరోసినూ కలిసిన ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలి, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. "ఏందమ్మా, బీపీ గిట్ల ఉందా?" అన్నాడు మెకానిక్. బీపీ ఉన్న మాట నిజమే గానీ ఇది దాని పని కాదు. నా పన్నెండో ఏట, గనిలో ప్రమాదం జరిగిందని పరుగెత్తుకొస్తున్న బండికి నేను అడ్డం పడ్డాను. ఆ తప్పు ఇంకొకరి నెత్తిన పడుతుంటే నోరు మూసుకుని పడనిచ్చాను. నలభై ఏళ్లు దాటినా ఈ రెండు మాటలు ఎవరికీ చెప్పలేదు.

ఇల్లందు దాటాక అడవి అంచున మా గని కాలనీ ఉండేది. ఎండాకాలం తెల్లవారుజామున అడవి వైపు నుంచి ఇప్పపువ్వు వాసన, కాలనీ వైపు నుంచి బొగ్గుల పొయ్యిల పొగ వచ్చి మా ఇంటి ముందరే కలుసుకునేవి. తునికి పండ్లు, పరికి పండ్లు దోసిళ్లతో తిని నాలుక మొద్దుబారి, అన్నం దగ్గర కూర రుచి తెలియక అమ్మ చేత తిట్లు తినేవాళ్లం. బతుకమ్మ పండుగకు రొట్టెలు నలిపి బెల్లం కలిపి అమ్మ చేసే మలీద ముద్దలు వేళ్లకు అంటుకుంటే, ఆ వేళ్లు నాక్కుంటూనే గునుగుపూలకు రంగులద్దేవాళ్లం. మా నాయన గనిలో కప్పుకు దుంగలు నిలబెట్టే పనిలో ఉండేవాడు. లోపలికి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోతే ఉద్యోగం ఊడుతుంది కాబట్టి, డ్యూటీకి పోయే ముందు ఆ రెండూ కిటికీలో పెట్టి, వచ్చాక కాళ్లయినా కడగకుండా వాటి దగ్గరికే వెళ్లేవాడు. మధ్యాహ్నం నాయన చెయ్యి ఆ కిటికీ మీదికి వచ్చేదాకా అమ్మ ఎవరితోనూ సరిగా మాట్లాడేది కాదు. అందరి ఇళ్లల్లోనూ అంతేనని, అది భయమని నాకు తర్వాత తెలిసింది.

కాలనీకి గడియారం సైరనే. పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు గంటలకు షిఫ్టు మారేటప్పుడు ఒక్క బిగిన ఒకసారి మోగి ఆగేది. అదే సైరన్ ఆగి, మళ్లీ మోగి, మళ్లీ ఆగి, మళ్లీ మోగిందంటే లోపల ఏదో జరిగిందన్న మాట. అందుకే మా కాలనీలో ఎవరికైనా, ఇంట్లో పాలు పొంగుతున్నా, సైరన్ ఆగాక ఒక్క క్షణం ఉన్నచోటే చెవులు రిక్కించి నిలబడే అలవాటు ఉండేది. రెండోది వినపడకపోతే మళ్లీ పనుల్లో పడేవాళ్లు.

గని దగ్గర లారీలకు బొగ్గు నింపే బంకర్ నుంచి కింద బొగ్గు రైళ్లు ఆగే సైడింగ్ దాకా ఏటవాలు తారురోడ్డు ఒకటి ఉండేది. పొద్దంతా దాని మీద బొగ్గు లారీలు తిరిగేవి. మూడింటి సైరన్ మోగితే లోడింగ్ ఆగి, డ్రైవర్లు చాయ్ తాగడానికి పోయి, అరగంట సేపు రోడ్డు ఖాళీ అయ్యేది. ఆ అరగంట మాది. చెక్క పలకకు అడుగున నాలుగు బేరింగులు బిగించి, దాని మీద కూర్చుని కాళ్లతో ముందు ఇరుసు తిప్పుకుంటూ కిందికి జారేవాళ్లం. బేరింగులు మస్తాన్ మామ ఇచ్చేవాడు. గనిలో బొగ్గు టబ్బులు లాగే యంత్రాలకు ఫిట్టర్. మా పక్క క్వార్టరే. అరిగి తుక్కులో పడేసిన వాటిని అడిగి తెచ్చి, కిరోసిన్‌లో కడిగి, చెవి దగ్గర తిప్పి విని, బాగున్నదయితే నవ్వేవాడు. ఆయన కొడుకు యాకూబ్ నాకంటే రెండేళ్లు పెద్ద. ఇద్దరం ఆయనకు చెరో పక్క గొంతుకూర్చుని చూసేవాళ్లం.

కూర్చునే బండిని నిలబడే బండిగా మార్చింది ఒక బజ్జీల పొట్లం. ఏ ఆఫీసరు ఇంటి నుంచి చిత్తుకాగితాలకు వచ్చిందో, రంగుల విదేశీ పత్రిక కాగితం. మిరపకాయ బజ్జీల నూనె పీల్చి అద్దంలా మెరుస్తున్న దాని మీద ఒక కుర్రాడు, చక్రాల పలక మీద మోకాళ్లు వంచి, చేతులు రెండు వైపులా చాపి, జుట్టు వెనక్కి ఎగురుతుండగా, నుదుటికి గుడ్డ కట్టుకుని వాలులో దిగుతున్నాడు. దాని పేరేమిటో మాకు తెలియదు, కింద రాసిన ఇంగ్లీషు నూనెలో కరిగిపోయింది. యాకూబ్ ఆ కాగితాన్ని సున్నం గోడకు అన్నం మెతుకులతో అంటించి, రోజూ దాని ముందు నిలబడి మోకాళ్లు వంచేవాడు. కొన్నాళ్లకు ఆఫీసర్ల క్లబ్బులో పెట్టిన టీవీని కిటికీ చువ్వల్లోంచి చూస్తుంటే, వార్తల చివర అలాంటి పలకల మీదే నలుగురైదుగురు పిల్లలు జారుతూ ఒక్క మెరుపులా కనిపించి పోయారు. మేము పెట్టిన కేకకు వాచ్‌మన్ కర్రతో వచ్చాడు. ఆ మెరుపును యాకూబ్ నెల రోజులు వర్ణించాడు, చెప్పిన ప్రతిసారీ అందులో ఒక పిల్లవాడు పెరిగేవాడు.

కూర్చుంటే కాళ్లతో తిప్పుకోవచ్చు, నిలబడితే ఎలా? మస్తాన్ మామ ఆలోచించి, బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు పాత ముక్క ఒకటి తెచ్చి, పలకకూ ఇరుసుకూ మధ్య ఇరికించి బిగించాడు. ఒక పక్కకు వాలితే ఆ రబ్బరు నొక్కుకుని బండి అటే తిరిగేది. ఇక మా యాకూబ్‌కు పట్టపగ్గాల్లేవు. మోకాళ్ల కింద గొడుగుల్లా విచ్చుకునే బెల్‌బాటం ప్యాంటు, నుదుటికి ఎర్ర రుమాలు, చెవులు కప్పే జుట్టు. ఎర్ర రుమాలంటే కాలనీలో యాకూబే. పడడం కూడా ఒక తీరుగా పడేవాడు, దులుపుకోవడంలో కూడా స్టయిలే. అసూయతో నాకు అన్నం సహించేది కాదు. ఆడపిల్లవు నిలబడితే కాళ్లు విరగ్గొడతానంది అమ్మ. పెద్దమనిషినైతే గడప దాటనివ్వదని తెలుసు కాబట్టి, ఎలాగైనా ఈలోపే రోడ్డు కింది మలుపులో ఉన్న కల్వర్టు దాకా ఒక్కసారి నిలబడి దిగాలని పంతం పట్టాను. లంగాతో నిలబడలేవని యాకూబ్ తన పాత బెల్‌బాటం ఇచ్చాడు, అడగకుండానే రుమాలూ తీసి నా జడను లోపలికి మడిచి తలకు కట్టాడు.

ఆ రోజు పొద్దుటి నుంచి ముసురు. మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది గానీ, మబ్బు కిందికి దిగి పొద్దు ఎక్కడుందో తెలియలేదు. ఇంట్లో పప్పు ఉడుకుతోందని, నాయన వచ్చే వేళకు దించాలని అమ్మ ఇల్లు కదలలేదు, నాకు అదే అదను. రోడ్డు పైన పలక మీద ఒక కాలు వేసి నిలబడ్డాను. వెనక యాకూబ్ ఉన్నాడు. లారీలు కాసేపటి నుంచి రావడం లేదు. మూడయిందేమో అనుకున్నాం, ఎందుకు ఆగాయో ఆలోచించలేదు. సైరన్ లేచింది. ఇంకా ఆగనే లేదు, నా వీపు వెనక యాకూబ్ గొంతు, "నడువ్!" అంది. ఆగి వినాలన్న సంగతి నాకూ తెలుసు. ఆగమంటాడేమోనన్న భయంతో, అనకముందే నేలను తన్నాను.

తారు మీద ఇనుప బేరింగులు దొర్లే మోత ఎంతటిదో విన్నవాళ్లకే తెలుసు. దంతాలు అదిరేవి, పాదాల నుంచి పుర్రె దాకా ఒకటే ఝుమ్మనేది. ఆ మోతలో సైరన్ రెండోసారి మోగింది, మూడోసారీ మోగిందట. నాకు వినపడలేదు. వెనక నుంచి యాకూబ్ అరుస్తూ పరుగెత్తుకొస్తున్నాడట, అదీ వినపడలేదు. నేను నిలబడ్డాను, మోకాళ్లు వంచాను, చేతులు చాపాను. గాలి బెల్‌బాటంలో దూరి పటపటలాడింది. అబద్ధం ఎందుకు, అంత సంతోషం నా జీవితంలో మళ్లీ ఎప్పుడూ కలగలేదు. అందుకే ఆ సంతోషం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కల్వర్టు మలుపులోంచి రెస్క్యూ బండి పైకి వచ్చింది. ప్రమాదం తెలియగానే లారీలు ఆపించి, సైరన్ కంటే ముందే దానికి ఫోన్ చేశారట. ఆ బండి ఎప్పుడు బయటికి వస్తుందో మా కాలనీలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నిలబడే బండికి బ్రేకు ఉండదు. ఎడమకు వాలాను. డ్రైవరు కూడా నన్ను తప్పించబోయి అటే తిప్పాడు. చివరి క్షణంలో నేను ఎగిరి రోడ్డు పక్క ముళ్లపొదల్లో పడ్డాను. బండి ముందు చక్రం బొగ్గు బురద నిండిన కాలువలో దిగబడింది.

లోపలి మనుషులు బూట్లతో కిందికి దూకి బండిని తొయ్యసాగారు. చక్రం గిర్రున తిరుగుతూ నల్లని బురద చిమ్ముతోంది. అప్పుడు యాకూబ్ రొప్పుతూ వచ్చాడు. నా తల నుంచి ఊడిపోయిన ఎర్ర రుమాలు రోడ్డు మీద ఉంటే వంగి తీశాడు. డ్రైవరు వాడి చేతిలో రుమాలు చూశాడు, పక్కన తిరగబడి ఉన్న పలకను చూశాడు.

"నువ్వేనారా? దొంగ పోరడా, ఇయ్యాల్నే దొరికిందా నీకు రోడ్డు? అండ్ల మనుషులు ఇరుక్కున్నరురా!"

యాకూబ్ పొదల వైపు చూశాడు. నన్ను చూశాడు. రుమాలు నోట కరుచుకుని, బండికి భుజం ఆనించి తోశాడు. నేను లేచి ఒక చెయ్యి వేయవచ్చు, "నేనే" అనవచ్చు. మోచేతుల్లో ముళ్లు గుచ్చుకుని ఉండగా, ఊపిరి బిగబట్టి అక్కడే పడుకున్నాను. ఆ బండి ఎంతసేపు ఆగిందో ఇప్పటికీ తేల్చుకోలేను. ఒక్కోసారి రెండు నిమిషాలే అనిపిస్తుంది, ఒక్కోసారి పావుగంట అనిపిస్తుంది.

ఇంటికి పోయి లంగా కట్టుకుని వెళ్లేసరికి గని ముందు కాలనీ మొత్తం ఉంది. ఆడవాళ్లు ఏడవడం లేదు. పేర్లు తెలిసేదాకా ఏడిస్తే అరిష్టమన్నట్టు కొంగులు నోట్లో కుక్కుకుని నిలబడ్డారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ముళ్లు గీరిన చోట నెత్తురు ఆమె వేళ్లకు అంటినా చూడలేదు. చీకటి పడే వేళకు ఒక్కొక్కరే బయటికి రాసాగారు. అందరూ ఒకేలా నల్లగా ఉన్నారు. నడకను బట్టి మా నాయనను పోల్చుకుని అమ్మ కింద కూర్చుండిపోయింది. చివరగా మస్తాన్ మామను మోసుకొచ్చారు. కప్పు కూలినప్పుడు కింద ఉన్నది ఆయన ఒక్కడే. ప్రాణంతోనే తీశారట. దవాఖానా చేరేసరికి లేదు.

ప్రాణంతోనే తీశారన్న ఆ మాటే మమ్మల్ని పట్టుకుంది. బండి జల్దీ వస్తే బతికేటోడేమో అని ఒకరు, కాలువలో పడ్డదట గదా అని ఇంకొకరు, ఎర్ర రుమాలు అడ్డం వచ్చిందట అని మరొకరు. "తండ్రి తెచ్చిచ్చిన బేరింగులతోని తండ్రికే అడ్డం పడ్డడు" అన్న మాట మా అమ్మ నోట కూడా విన్నాను. యాకూబ్ కాదనలేదు. నేను చెప్పలేదు. రాత్రి చెబుదామనుకునేదాన్ని, తెల్లారితే భయమేసేది. వాడు కనిపిస్తే గోడ చాటుకు పోయేదాన్ని. జుట్టు కత్తిరించుకుని, గోడ మీది కాగితం గీకేసి, వాడు వాడిలా లేకుండా పోయాడు. పద్దెనిమిది నిండగానే తండ్రి పోయిన ఇళ్లల్లో ఇచ్చినట్టే వాడికీ తండ్రి ఉద్యోగం ఇచ్చారు. మోకాళ్లు వంచి గాలిలో దిగినవాడు టోపీ లైటు పెట్టుకుని అదే గనిలోకి దిగాడు. నేను చదువుకుని టీచర్‌నయ్యాను, పిల్లలకు నిజం చెప్పాలని పాఠాలు చెప్పాను.

మెకానిక్ షాపు నుంచి ఇంటికి పోయి, మర్నాడే బూర్గంపాడు బస్సెక్కాను. రిటైరయ్యాక యాకూబ్ అక్కడ ఉంటున్నాడని తెలుసు. దారిలో ఇల్లందులో దిగి మా కాలనీ చోటు చూశాను. లోపలి గని ఎప్పుడో మూసేశారు. పైనుంచే ఓపెన్‌కాస్ట్ తవ్వుతూ క్వార్టర్లూ బంకరూ మా ఏటవాలు రోడ్డూ కల్వర్టూ అన్నీ మింగేశారు. రోడ్డున్న చోట ఒక పెద్ద గొయ్యి, దాని అడుగున పచ్చటి నీళ్లు ఉన్నాయి. ఇప్పుడు సైరన్ లేదు, గడియారాలు అందరి దగ్గరా ఉన్నాయి.

యాకూబ్ తల పూర్తిగా నెరిసింది. దగ్గుతూ కుర్చీ వేశాడు. చాయ్ చల్లారిపోయేదాకా ఆ మాటా ఈ మాటా మాట్లాడి, ఇక ఆగలేక చెప్పేశాను.

"యాకూబ్, ఆ రోజు మామకు అడ్డం పడ్డది నేను. నీ మీదికి వస్తే చూస్తూ ఉన్న. నన్ను తిట్టు."

వాడు చల్లారిన కప్పు పక్కకు జరిపాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"సైరన్ ఆగకముందే నడువ్ అన్నది ఎవలు సరోజా? నేనే గదా. నీకు రోడ్డు ఖాళీ అని జెప్పింది నేను. గందుకే ఎవలేమన్న ఊకున్న" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "గిన్నేండ్ల సంది నువ్వు గూడ గిదే మోస్తున్నవని నాకేం ఎరుక?"