ముంతలో తేటనీళ్ళు

పందొమ్మిదివందల పదో సంవత్సరం దాటిన రెండు మూడేళ్ళకు, అరవవాళ్ళ ఐప్పసి నెల మొదటి వారంలో, అంటే అక్టోబరు నడుమ, నన్ను వేలూరు నుంచి గుడియాత్తానికి వానాకాలపు డ్యూటీ మీద పంపించారు. అప్పటికి నేను సర్కారు చెరువుల మరామతు పనుల్లో మూడో తరగతి ఓవర్సీరును. మా కొలువులో అందరికన్నా కింద లస్కరు. అతను చెరువు పక్కనే కాపురముండి తూము తెరిచి మూసేవాడు. అతని మీద ఓవర్సీరు, ఓవర్సీరు మీద వేలూరులో ఇంజనీరు దొర. చెరువుకు ఏమైనా అయితే కబురు కింది నుంచి పైకి పోయేది, తిట్లు పై నుంచి కిందికి వచ్చేవి. రెండూ నా మీదుగానే పోవాలి.

తొరపాడిలోని మా ఇంటి నుంచి ఒక పెట్టె, ఒక గొడుగు పట్టుకుని, కాట్పాడిలో రైలెక్కి, గుడియాత్తం స్టేషనులో దిగి, జట్కాలో ఊళ్ళోకి చేరాను. నాకు అప్పగించింది ఊరికి పడమటి వైపున్న ఒక చిన్న చెరువు. దాని కట్ట కిందనే నేతగాళ్ళ వీధి ఉండేది. ముప్ఫై ఇళ్ళు, అందరూ తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, బజారులో అరవం, కోపం వస్తే రెండూ. నా పని రోజూ పొద్దున తూము దగ్గరి కొలతరాయి మీద నీటిమట్టం చూడడం, కట్టంతా నడవడం, అనుమానం తోస్తే వేలూరుకు తంతి కొట్టడం.

అనుమానం అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. మట్టికట్ట ఎంత గట్టిగా వేసినా నీళ్ళు ఊరకుండా ఉండవు. ఊట చూసి భయపడనక్కరలేదు, దాని రంగు చూసి భయపడాలి. ఈ సంగతి నాకు కావేరిపాక్కం చెరువు మీద పని నేర్చుకునేటప్పుడు ఒక ముసలి లస్కరు చెప్పాడు. "తేటనీళ్ళు కారితే కట్టకు చెమట పట్టినాదని అనుకో. ఎర్రనీళ్ళు కారితే కట్ట లోపల్లోపల కరిగిపోతా ఉండాదని అర్థం. అప్పుడు లెక్కలు వేస్తా కూచోవద్దు నాయనా, జనాన్ని లేపు." ఆ మాట నా కడుపులో అట్లాగే ఉండిపోయింది. ఆ తరువాత ప్రతి వానాకాలంలోనూ, విస్తరిలో చారు పోసినా ముందు రంగు చూసేవాణ్ణి. మా ఆవిడ నవ్వేది.

నేను వెళ్ళిన నాలుగో రోజున ముసురు పట్టింది. పట్టింది పట్టినట్టే ఉంది. వాన ఊళ్ళో మనుషుల నడవడికను ఎంత మారుస్తుందో ఆ వీధిలోనే చూశాను. నూలుకు పెట్టిన గంజి ఆరక పులిసిపోయి, వీధి వీధంతా పుల్లటి వాసన కొట్టేది. తడిపంచెలను నిప్పుల కుంపటి మీద చెరొక అంచు పట్టుకుని ఆరబెట్టేవారు. నా చెరువు రిజిస్టరు కూడా ఆ వరసలోనే వేడి చూపించుకుని వచ్చేది. ఆ వీధిలో గొడుగంటూ ఉన్నది నాదొక్కటే. నేను వీధి మొదట్లో అడుగుపెట్టేసరికి ఒకరు, సగం దాటేసరికి ముగ్గురు దాని కింద ఉండేవారు. వీధి చివరికి వచ్చేసరికి నేను మాత్రం వానలో నడుస్తూ ఉండేవాణ్ణి.

అన్నిటికన్నా విచిత్రం మగ్గం గుంటలు. నేతగాడు నేలమట్టంలో కూర్చుని కాళ్ళు గుంటలోకి వేలాడదీసి నేస్తాడు. చెరువు నిండేకొద్దీ ఆ గుంటల్లోకి నీళ్ళు ఊరేవి. పొద్దునే ఆడవాళ్ళు చెంబులతో తోడి పోసేవారు. మామూలు రోజుల్లో "అన్నం తిన్నారా" అని పలకరించుకునే ఇరుగుపొరుగులు ఆ నెలంతా "మీ ఇంట్లో ఎన్ని చెంబులు?" అని పలకరించుకున్నారు. చెంగల్రాయప్ప అనే పెద్ద నేతగాడు, తన గుంటలో చేరిన కప్ప మగ్గం ఆగితే అరుస్తుందనీ, ఆడితే ఊరుకుంటుందనీ, తనకు ఇంతకన్నా మంచి మేస్త్రీ దొరకడనీ అనేవాడు.

కట్ట వెనుక అడుగుభాగం అంతా ముళ్ళకంప, దాని కింద మోకాలిలోతు వాననీళ్ళు. అందులో ఊటనీళ్ళు ఏవో వాననీళ్ళు ఏవో బ్రహ్మకు కూడా తెలియదు. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. ఈ మగ్గం గుంటలు ఇంటి కప్పు కింద ఉన్నాయి, వాటిలో వాన పడదు, ఊట తప్ప ఇంకేమీ చేరదు. కనుక పొద్దున ఎవరూ గుంటలో కాలు పెట్టకముందు, పైపైన ముంచిన మొదటి చెంబు నీళ్ళను ప్రతి ఇంటివాళ్ళూ ఒక ముంతలో పోసి తిన్నె మీద పెట్టాలని చెప్పాను. నేను ఎనిమిది గంటలకు వచ్చి వరసగా చూసుకుంటూ పోతాను. ముంత అడుగు కనిపిస్తే రిజిస్టరులో "తేట" అని రాస్తాను. ఈ ఉపాయానికి నన్ను నేనే మెచ్చుకున్నాను. దొర కూడా మెచ్చుకుంటూ రాశాడు.

రెండో రోజునే ఒక ముంతలో నీళ్ళు ఎర్రగా కనిపించాయి. అది నాగమ్మ ఇల్లు. ఆవిడ అరవై దాటిన మనిషి, వీధికంతా పెద్దదిక్కు.  నాకు భయం వేస్తే అది కోపంగా బయటికి వస్తుంది. ఇప్పటికీ అంతే. "ఏమమ్మా ఈ నీళ్ళు? ఇట్లాంటివా నా ముందు పెట్టేది?" అని వీధంతా వినబడేట్టు అరిచాను. తీరా చూస్తే ముంతను చూరు కింద పెట్టింది, మట్టిగోడ మీది నుంచి కారిన ఎర్రనీరు అందులో పడింది, అంతే. నా గుండె కుదుటపడింది. ఇంకోసారి ఇట్లా చేయవద్దని అందరినీ గదమాయించి వెళ్ళిపోయాను. ఆవిడ తలుపు చాటుకు వెళ్ళి, నేను పోయేదాకా రాలేదు.

మర్నాటి నుంచి ముప్ఫై ముంతల్లోనూ నీళ్ళు తేటగా ఉన్నాయి. అంత తేటగా నేను ఏ చెరువు కిందా చూడలేదు.

వాన తెరిపి ఇవ్వలేదు. చెరువు నిండి, ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే మొరవ పారడం మొదలుపెట్టింది. వేలూరు నుంచి తంతి వచ్చింది. ఊట ఎట్లా ఉంది, వీధి ఖాళీ చేయించాలా అని అడిగారు. తాసిల్దారు మెట్ట మీది సత్రం తెరిపించి నా జవాబు కోసం చూస్తున్నాడు. నేను ముంతలు చూసి, "ఊట తేట, ఖాళీ అక్కరలేదు" అని జవాబు కొట్టించాను. అయినా నాకు మనసులో నెమ్మది లేదు. కట్ట మీద నడుస్తుంటే అరికాలికింద మట్టి మెత్తబడ్డట్టు అనిపించేది. చూడబోతే రిజిస్టరులో తేట, కాలికింద మెత్తన. నేను రిజిస్టరును నమ్మాను.

అట్లా ఎనిమిది రోజులు రాశాను.

తొమ్మిదో రోజు పొద్దున తూము వైపు దారి మునిగిపోయింది. అందుచేత నేను కొలతరాయి దగ్గరికి పోకుండా నేరుగా వీధికి, రెండో కొసనుంచి, మామూలుకన్నా గంట ముందు వచ్చాను. నాగమ్మ తిన్నె మీద కూర్చుని ఒక ముంత లోపలిగోడకు ఏదో రుద్దుతోంది, గంధం తీసినట్టు. ఏమిటని అడిగాను. ఆవిడ చెయ్యి తెరిచి చూపించింది. చిల్లగింజ. అక్కడివాళ్ళు తేత్తాన్‌కొట్ట అనేవారు. బావినీళ్ళు కలకబారితే కుండకు దాన్ని రుద్ది పోస్తారు. ఘడియలో మట్టి అడుగుకు దిగిపోతుంది.

"మీకోసమే నాయనా," అంది నాగమ్మ. "సర్కారు మనిషి వాకిట్లోకి వస్తే బురదనీళ్ళు పెడతామా? ఆ దినం మీకు ఎంత కోపం వచ్చినాది! అందుకే అందరికీ చెప్పినాను. రుద్ది, తేరినాక, మెల్లంగా ఇంకో ముంతలోకి వంచి పెడతా ఉండాము."

 ఆవిడ పక్కన నిన్నటి ముంత బోర్లించకుండా ఉంది. అందులో వేలు పెట్టాను. అడుగున రెండు వేళ్ళ మందాన ఎర్రమట్టి. ఆ మట్టి నాకు తెలుసు. ఎనిమిది రోజులుగా నా కాలికింద మెత్తబడుతున్నది అదే. కట్ట కొంచెం కొంచెంగా ఈ ఇళ్ళలోకి వచ్చి ముప్ఫై ముంతల అడుగున కూర్చుంటోంది.

చెంగల్రాయప్ప ఇంట్లోకి పరుగెత్తాను. గుంటలో నీళ్ళు ఇటుకపొడి కలిపినట్టున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టాను. గుంట పడమటి గోడ నుంచి నీరు నా అరచేతిని తోసింది. మెల్లగా, ఆగకుండా. ఆ తోపు ఇప్పటికీ నా చేతికి గుర్తుంది. ఎన్నాళ్ళ నుంచి ఇట్లా వస్తోందని అడిగాను.

"ఎనిమిది దినాలు దాటినాది సామీ," అన్నాడు అతను. "మీరు దినామూ చూస్తానే ఉండారు గదా అని మేము గమ్మునుండాము."

లస్కరు మునుసామిని తాసిల్దారు దగ్గరికి చీటీతో పంపాను. అతనితోనే వేలూరుకు తంతి కూడా. పోయేముందు అతణ్ణి కట్ట మీదుగా పంపి తూము తలుపులు రెండూ పూర్తిగా ఎత్తించాను. కింద కోతకు వచ్చిన వరి మునుగుతుందని తెలిసే ఎత్తించాను. ఆ తరువాత వీధిలో నిలబడి అందర్నీ సత్రానికి పొమ్మని చెప్పాను. ఎవరూ కదలలేదు. పడుగు మగ్గం మీద ఉంది, దాన్ని దించడానికి రెండు రోజులు పడుతుంది, కోస్తే మూడు నెలల పని పోతుంది అని చెంగల్రాయప్ప మగ్గంలోకి దిగి కూర్చున్నాడు. నిన్నటిదాకా తేట అన్న మనిషి ఈ రోజు పొమ్మంటే ఎట్లా నమ్మడం అని ఇంకొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న.

నేను తప్పు రాశానని చెప్పాను. ఎనిమిది రోజులు ముంతలు చూశానే గాని గుంటలు చూడలేదని చెప్పాను. 

నాగమ్మ దగ్గరికి వచ్చి గొడుగు కింద నా ముఖంలోకి చూసింది. వెనక్కి తిరిగి అరిచింది. "ఒరే అప్పా, ఈయన మొగం చూడండ్రా. ఈ పొద్దు కోపంగా లేడు. భయపడి ఉండాడు. లెయ్యండి, లెయ్యండి!"

అప్పుడు లేచారు. చెంగల్రాయప్ప కొడవలి తీసుకుని తన పడుగును తానే అడ్డంగా కోశాడు. నూలు తెగిన చప్పుడు వాన చప్పుడులో కూడా వినిపించింది. అతను చుట్టిన బట్ట భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా వెళ్ళాడు.

పదిమంది మగవాళ్ళను ఉంచుకుని కట్ట వెనుక ముళ్ళకంప నరికించాను. ఊట నోరు దొరికింది, బిందె మూతంత, ఎర్రగా పొంగుతోంది. దాన్ని మూయకూడదు. మూస్తే నీరు ఇంకోచోట పగులుతుంది. ముందు వరిగడ్డి, గడ్డి మీద ఇసుక, ఇసుక మీద కంకర, ఇట్లా వరసలు వేస్తే నీరు పోతుంది, మట్టి ఆగుతుంది. మధ్యాహ్నం దాకా అది ఆగింది. కట్ట మీద చెయ్యంత వెడల్పు బీట కనిపించగానే అందర్నీ మెట్టకు తరిమి, నేను చివర పరుగెత్తాను. జీవితంలో అంతగా ఎప్పుడూ పరుగెత్తలేదు. మూడు గంటల ప్రాంతంలో గండి పడింది. సత్రం అరుగు మీద నుంచి ముప్ఫై ఇళ్ళూ ఒకదాని వెనుక ఒకటి కూర్చోవడం చూశాము. ఎవరూ ఏడవలేదు, ముందు మనుషులను లెక్కపెట్టుకున్నారు. అందరూ ఉన్నారు. నాగమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది.

మర్నాడు దొర వచ్చాడు. సత్రంలోనే విచారణ. రిజిస్టరులో ఎనిమిది "తేట"లు చూసి, తొమ్మిదో రోజు గండి ఎట్లా పడిందని అడిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక గింజ నీళ్ళను అంతగా మారుస్తుందంటే ఆయన నమ్మలేదు. సాకు చెబుతున్నానన్నట్టు చూశాడు. ఇంతలో నాగమ్మ, వచ్చిన పెద్దమనిషికి దాహం ఇవ్వాలని, ముంతతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ముంత అడుగు స్పష్టంగా కనిపిస్తోంది. దొర తాగబోతుంటే నేను ఆపి, ఈ నీళ్ళు యాడివని ఆవిడను వాళ్ళ మాటలోనే అడిగాను.

"యాడివేంది నాయనా, ఊరంతా అవే గదా," అని ఆవిడ మెట్ట కింద పారుతున్న ఎర్రటి వరదను చూపించింది.

దొర ముంతలోకి ఒకసారి, వరద వైపు ఒకసారి చూశాడు. విచారణ అక్కడితో ముగించాడు. నాకు ఒక సంవత్సరం ప్రమోషను ఆపారు. ఆపవలసిందే.

తరువాత ఇరవై ఏళ్ళకు పైగా చెరువుల మీదే పని చేశాను. కింది మనిషి బురద చూపించినప్పుడు ముఖం చిట్లించకుండా ఉండడం నేర్చుకున్నాను. అది కష్టపడి నేర్చుకున్న విద్యే. రిజిస్టరులో "తేట" అని రాయవలసి వచ్చిన ప్రతిసారీ, నీళ్ళు నా దగ్గరికి వచ్చాయా, నేను నీళ్ళ దగ్గరికి వెళ్ళానా అని చూసుకుని రాశాను.