విన్నదానికీ ముద్ర

మంగళవారం పొద్దున ఫ్యాక్టరీ బస్సు ఎక్కుతుండగా ఫోన్ వచ్చింది. ఉద్దనపల్లి నుంచి మా లైబ్రరీ అక్క కొడుకు. "అమ్మ పోయిందమ్మా" అన్నాడు. తర్వాత అతనే, "లైబ్రరీ పుస్తకం ఒకటి ఈడే ఉండాది. యాడ ఇయ్యల్ల?" అని అడిగాడు. తల్లి పోయిన గంటలోనే పుస్తకం గురించి అడిగాడని ఆ అబ్బాయిని తప్పుపట్టకండి. గడువు దాటిన పుస్తకం ఇంట్లో ఉంటే అన్నం సయించదనే తల్లి చేతిలో పెరిగినవాడు.

అక్క హోసూరు పక్కన మా మత్తిగిరిలోని గ్రంథాలయాన్ని ముప్పై ఏళ్ళు చూసుకుంది. తమిళంలో గ్రంథాలయాన్ని నూలగం అంటారు కాబట్టి ఊరందరికీ ఆమె నూలగం అక్క. రేషన్ షాపు వెనక అద్దె గదిలో, ఒక బెంచీతో, రెండు దినపత్రికలతో మొదలైనప్పటి నుంచి ఆమె అక్కడే ఉంది. వానాకాలం ఆ గది కారితే, ముందు పుస్తకాల మీద పట్టా కప్పి, ఆ తర్వాతే తను గొడుగు వెతుక్కునేదట. సొంత భవనం వచ్చాక కూడా పొద్దున ఎనిమిదికి తాళం తీసేది, పత్రికలను కర్రలకు తగిలించేది, పరీక్షలకు చదువుకునే పిల్లలకు కిటికీ పక్క కుర్చీలు వదిలేది. బయటి ఊళ్ళ నుంచి పనికొచ్చిన మాలాంటివాళ్ళకు చిరునామా కాగితం లేకపోతే, తనే వచ్చి మేముండే గది చూసి కార్డు రాసిచ్చేది.

ఆమె సంచిలో ఎప్పుడూ ఒక రబ్బరు ఉండేది. తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ పేజీ పేజీ తిప్పి పెన్సిల్ గీతలు చెరిపేది. "పుస్తకంలో గీత గీస్తే ఎనకొచ్చేవాని కంట్లో ఏలు పెట్టినట్టే" అనేది. ఆ మాట నాకు ఒకసారి కాదు, మూడుసార్లు తగిలింది.

ఎనిమిదేళ్ళ కిందట అనంతపురం నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, తెలుగు అక్షరం కోసం మొహం వాచిపోయి అక్కడికి వెళ్ళాను. అక్క తెలుగు మాట్లాడగానే ప్రాణం లేచొచ్చింది. మూలనున్న బీరువాలో కింది అర చూపించింది. "మా ఇండ్లల్లో మాట్లాడేది తెలుగే. సదివింది తమిళం. ఈ అక్షరాలు నాకు రావు" అంది. కూర్చుని చూస్తే అందులో సగం కన్నడ పుస్తకాలు. కన్నడ అరలో మళ్ళీ మన తెలుగు పుస్తకాలు. రెండు లిపులూ చూపుకు ఒకటే కదా, గుండ్రటి అక్షరాలున్నదాన్ని ఏ అరలో చోటుంటే ఆ అరలో పెట్టేసింది. నేను పగలబడి నవ్వాను.

ఆమె నవ్వలేదు. స్టూలు మీద కూలబడింది. "ఇన్నేండ్లలో ఒక్కరూ చెప్పలేదే" అంది. చెప్పడానికి ఒక్కరూ ఆ అర దగ్గరికి రాలేదని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆ నవ్వు నవ్వినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ సాయంత్రమంతా కూర్చుని వేరుచేశాం. తెలుగు పుస్తకాలన్నిటికీ ఆమె పసుపు కాగితం ముక్క అంటించుకుంది. అవి హోసూరులో ఒక వ్యాపారి ఇచ్చిన పుస్తకాలు. తన ఇంట్లో ఇక చదివేవాళ్ళు లేరని, ఆమె చేతిలో పెట్టి, ఎవరో ఒకరు వస్తారమ్మా అన్నాడట. ఆ మాటను ఆమె మొక్కుబడిలాగా మోసింది.

ఆ తర్వాత రెండేళ్ళకు తనిఖీకి వచ్చిన అధికారి ఆ అర చూశాడు. పోటీ పరీక్షల పుస్తకాలు అట్టపెట్టెల్లో వచ్చి నేలమీదే ఉన్నాయి, పెట్టడానికి చోటు లేదు. తెలుగు పుస్తకాల వెనక అతికించిన చీటీల మీద నా పేరున పడ్డవి తప్ప తేదీ ముద్రలే లేవు. వచ్చే తనిఖీకల్లా చదివేవాళ్ళు కనబడకపోతే మూటగట్టి గోదాముకు పంపాలని చెప్పి వెళ్ళాడు. ఆయనను అనడానికేమీ లేదు.

నేను తెలివికి పోయాను. మా ఫ్యాక్టరీలో ఇరవైమంది తెలుగువాళ్ళున్నారు, వాళ్ళ పేర్లతో కార్డులు రాసి నెలనెలా ముద్రలు వేసేద్దామన్నాను. ఆమెకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "సదవని పుస్తకానికి ముద్ర ఏస్తే అది దొంగ సాచ్చిం. పొయ్యేటట్టుంటే పోనీమ్మా" అంది. మంచికి పోతే చెడు ఎదురైందని అలిగి, రెండు వారాలు అటు పోలేదు.

మూడో వారం ఆమే మా ఇంటికి వచ్చింది. తళి వైపు గులాబీ తోటల్లో పనిచేసే ఆడవాళ్ళు శనివారం మధ్యాహ్నం గ్రంథాలయం ఎదురుగానే బస్సు దిగుతారు. వాళ్ళదీ అక్క సంగతే, నోట్లో తెలుగు ఉంది, కంటికి తెలుగు రాదు. వాళ్ళను వరండాలో కూర్చోబెడతాను, నువ్వు గట్టిగా చదువు అంది. అట్లా మొదలైంది. పుస్తకం పూర్తయిన రోజున ఒక్కొక్కరినీ కథలో కొంత చెప్పమనేది. చెప్పినవాళ్ళ కార్డు మీద, పుస్తకం చీటీ మీద ముద్ర వేసేది. ఒకామె కునుకు తీసింది, ఆమెకు ముద్ర పడలేదు. మరుసటి పుస్తకానికి ఆమె నా మోకాలికి ఆనుకుని కూర్చుంది.

అధికారి మళ్ళీ వచ్చాడు. కార్డుల మీద అన్నీ తమిళ సంతకాలు, కొన్ని వేలిముద్రలు. వీళ్ళు తెలుగెట్లా చదివారని అడిగాడు. అక్క అబద్ధం ఆడలేదు, బతిమాలుకోనూ లేదు. "సదవలేదు సార్, విన్నారు. విన్నదానికే ముద్ర ఏసినాను" అంది. ఆయన బస్సు దిగిన ఒకామెను పిలిచి అడిగాడు. ఆమె చేతిసంచి కింద పెట్టి కథ మొదలుపెట్టింది, ఆయన కాఫీ చల్లారేదాకా ఆపలేదు. అర అక్కడే ఉండిపోయింది.

పోయినేడు రిటైరయ్యాక అక్క పలక పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ముప్పై ఏండ్లు కావలి కాసినాను. లోపలేముండాదో సూసుకోవల్ల కదా" అంది. నాలుగు నెలల్లో గుణింతాలు వచ్చాయి, ఒత్తుల దగ్గర మాత్రం నన్ను తిట్టేది. అప్పటికే ఒంట్లో బాగాలేదు. తన కార్డు మీద మొదటిసారిగా ఒక తెలుగు పుస్తకం తీసుకుని, కొడుకు దగ్గరికి ఉద్దనపల్లికి వెళ్ళింది. అక్కడికి వస్తే చదివి వినిపిస్తానంది. ఈ ఆదివారం ఓవర్‌టైమ్, వచ్చే ఆదివారం వస్తానని చెబుతూనే ఉన్నాను. గంట ప్రయాణం. వెళ్ళలేదు. దీనికి నా దగ్గర సాకు లేదు.

ఇప్పుడు వెళ్ళి, దినపత్రికలో చుట్టిన ఆ పుస్తకాన్ని తెచ్చుకుని, శనివారం గ్రంథాలయంలో ఇచ్చాను. కొత్త లైబ్రేరియన్ తెరిచి చూశాడు. మాటమాట కిందా ఒక పెన్సిల్ చుక్క. జీవితమంతా ఊరివాళ్ళ గీతలు చెరిపిన మనిషి, చదివిన ప్రతి మాట కిందా చుక్క పెట్టుకుంటూ పోయింది. నలభై ఒకటో పేజీలో వాక్యం మధ్యలో చుక్కలు ఆగిపోయాయి. లైబ్రేరియన్ అలవాటుగా సొరుగులోంచి రబ్బరు తీశాడు. అది అక్క వదిలివెళ్ళిన రబ్బరే. వద్దని చెయ్యి పట్టుకున్నాను.

వెనక చీటీ మీద ఆమె కార్డు నంబరు, పక్కన తీసుకున్న రోజు వేసిన ముద్ర. పుస్తకం సగం కూడా కాలేదు.

బస్సు ఆగింది. ఆడవాళ్ళు దిగి, ఎప్పటిలాగే చెప్పులు మెట్ల కింద విడిచి వరండాలో కూర్చున్నారు. ఆ కథ వాళ్ళకు తెలియదు. నలభై ఒకటో పేజీ తీయడం చూసి ముందున్నామె, "మొదట్నుంచి సదువమ్మా" అంది.

"మొదలు అక్క సదివేసింది. మిగిలింది మనం పూర్తి చేయల్ల" అన్నాను.

ఆఖరి చుక్క మీద వేలు పెట్టి, దాని తర్వాతి మాట నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను.