గట్టిగా పలికిన చోటే

ఫ్లాపీని కంప్యూటరులో పెట్టేముందు కృపావతి దాన్ని స్వెట్టరు కింద, పొట్టకు ఆనించి కాసేపు ఉంచుకుంటుంది. అరకు మంచుకు ఫ్లాపీలు చెమ్మ పట్టి బూజెక్కుతాయి. ఒంటి వేడి తగిలితే చదువుతాయని ఆమె నమ్మకం. సగం సార్లు చదవవు. అయినా మానదు.

2003, కాఫీ పళ్ళు కోసే కాలం. అరకులో ఒక స్వచ్ఛంద సంస్థ శిక్షణ కేంద్రంలో ఆమె కంప్యూటరు నేర్పేది. సొంతూరు హుకుంపేట వైపు, కొండ మీద. అంతకుముందు వానాకాలంలో వాళ్ళ ఊరామె ఒకతె కడుపునొప్పితో సంస్థ ఆసుపత్రికి వచ్చింది. వాళ్ళ కొండభాష కువి తెలిసిన మనిషి అక్కడ లేక, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుని తిరిగి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ కృపావతికి ఒకటే పట్టుదల. ఆసుపత్రి కంప్యూటరులో మీట నొక్కితే కువిలో అడగాలి: ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏం తిన్నావు. అడిగే గొంతు మేనత్త కనకది.

ప్రోగ్రాము కేంద్రంలో చక్కగా పలికింది. ఆసుపత్రిలో పలకలేదు.

"నీ మిషను మూగదమ్మా," అన్నాడు ఆసుపత్రి గుమాస్తా సర్వేశ్వరరావు. "దాని పక్కన ఏటేటో సెత్త ఫైళ్ళున్నాయి. తుడిసీసినాను."

"అవే గొంతండీ."

"గొంతు మడిసికుంటాది గానీ ఫైలుకుంటాదేటి?"

మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ తుడిచాడు. ఇక విడదీయడానికి వీల్లేకుండా చెయ్యాలనుకుంది. గొంతు ఫైలును చదివి, అందులోని ప్రతి బైటునూ అంకెగా రాసే చిన్న ప్రోగ్రాము రాసింది. ఆ అంకెల బారును తన సి ప్రోగ్రాములోనే పెట్టి కంపైల్ చేసింది. ఇప్పుడు గొంతు ప్రోగ్రాము కడుపులోనే ఉంది. మీట నొక్కింది. కనకత్త మొదటి మాట సగంలో ఆగిపోయింది.

మళ్ళీ రికార్డు చేసింది. ఈసారి ఇంకోచోట తెగింది. మైకు మార్చింది. మధ్యలో కరెంటు పోయింది. చివరికి ఒకటి గమనించింది: అత్త గొంతెత్తిన చోటే మాట తెగుతోంది.

"అత్తా, మెల్లగా సెప్పు."

"మెల్లగా సెబితే రోగికి ఇనబడతాదేటే గుంటా? మేము ఈ కొండ మీంచి ఆ కొండకి పిలిసేటోళ్ళం."

"మిషనుకి మెల్లగానే కావాలత్తా."

కనక గొణిగినట్టు చెప్పింది. ప్రోగ్రాము మొదటినుంచి చివరిదాకా పలికింది. అది విని కనక ముఖం మాడ్చుకుంది.

"ఇదెవులు? సచ్చినోళ్ళు మాటాడినట్టుంది. నా గొంతు నీ మిషనుకి బరువైపోతే నన్నెందుకు పిలిసినావు?"

తెచ్చుకున్న బుట్ట ఎత్తుకుని ఊరికి పోయే జీపు ఎక్కేసింది. కృపావతి అప్పటికే గట్టిగా చెప్పినవన్నీ చెరిపేసింది. ఉన్న డిస్కు చిన్నది.

మధ్యాహ్నం, ఉత్త విసుగుతో, రోగులకు చూపించే కడుపు బొమ్మను కూడా అలాగే ప్రోగ్రాములో పెట్టింది. బొమ్మ సగమే వచ్చింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. బొమ్మ అరవదు కదా.

అసలు బొమ్మ ఫైలును, తన అంకెలను పక్కపక్కన పెట్టి చూసింది. అంకెలు ఆగిన చోట, అసలు ఫైలులో ఇరవై ఆరు ఉంది. ఆమె రాసిన చిన్న ప్రోగ్రాము ఫైలును రాతలాగా తెరుస్తోంది. రాతలో ఆ అంకె వస్తే ఇక్కడితో అయిపోయిందని ఆ మిషను అనుకుంటుంది. మెల్లని గొంతు ఆ అంకె దాకా పోదు. గట్టిగా పలికితే తగులుతుంది. ఫైలు తెరిచే చోట, రాతలాగా కాక ఉన్నదున్నట్టు చదవమని ఒక్క అక్షరం చేర్చింది. బొమ్మ మొత్తం వచ్చింది.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక కీబోర్డును తోసేసింది. దోషం అత్త గొంతులో లేదు. ఇప్పుడు ఆ గొంతే లేదు.

మర్నాడు పొద్దున్నే, టేప్ రికార్డరును స్వెట్టరు కింద పొట్టకు ఆనించుకుని, మొదటి జీపులో కొండెక్కింది. గెడ్డ నీళ్ళకు అవతల, మంచులో, కనక కాఫీ పళ్ళు కోస్తోంది.

"అత్తా! గట్టిగానే సెప్పాల! తప్పు నాది!"

కనక తల తిప్పలేదు. "మెల్లగా మాటాడవే," అంది, కొండ మారుమోగేలా. "నీ మిషను జడుసుకుంటాది."

టేపు ఇంకా మొదలుపెట్టనే లేదు. కృపావతి గెడ్డ దాటి, గట్టు మీదున్న ఖాళీ బుట్ట తీసుకుని, అత్త పక్క మొక్క దగ్గర కోయడం మొదలుపెట్టింది.