నా కడుపులో గోడ ఉందన్న డాక్టరమ్మ

సింధనూరు డాక్టరమ్మ మొన్న పోయారని బస్టాండులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. ఎక్కాల్సిన బస్సు వదిలేసి అక్కడే కూర్చుండిపోయాను. ఆవిణ్ణి ఎంత అనుమానించానో ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పుకోలేదు.

మేము గోదావరి వైపు నుంచి వచ్చి కాలువ కింద సాగుకని మావాళ్ళు కట్టుకున్న క్యాంపు ఊళ్ళో ఇల్లు వేసుకున్న కొత్త. అప్పటికే నాకు రెండు కడుపులు పోయాయి. మూడోది నాలుగో నెలలో పోతే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. శుభ్రం చేశాక డాక్టరమ్మ మా ఆయన్ని గదిలోకి పిలిచి తలుపేసుకున్నారు. బయటికొచ్చిన మనిషి నా మొహం చూడలేదు.

"ఇంకో సంబంధం చూసుకోమనుంటుంది," అంది మా అత్తగారు. నేనూ అదే నమ్మాను.

మర్నాడు ఆవిడ నా మంచం మీద కూర్చుని రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చి చూపించారు. "ఆడపిల్ల తల్లికడుపుల ఉన్నప్పుడే గర్భసంచి తయారైతదమ్మా. మొదలు రెండు గొట్టాలుంటయి, అటొకటి ఇటొకటి. దగ్గరికొచ్చి, కణాలు కణాలను పట్టుకొని ఒక్కటైతయి. అటెన్క నడిమి గోడ కరిగిపోవాలె. నీకు ఉండిపోయింది. శుభ్రం చేస్తుంటె తగిలింది. నువ్వు పుట్టకముందటి సంగతికి నీ తప్పేంది?"

కనపడని గోడ! ఏదో దాచడానికే ఇంత తియ్యగా చెబుతోందనుకున్నాను.

నాలుగోసారి నెల తప్పాక మా ఆయన పదిహేను రోజులకోసారి ఆసుపత్రికి వెళ్ళొచ్చేవాడు. ఎందుకని అడిగితే, "ఊరికే," అనేవాడు. రెండో పెళ్ళి మాటలకేనని అనుకుని ఆయన చొక్కా జేబు వెతికాను. డాక్టరమ్మ చేతిరాతతో చీటీ ఉంది: "బిందె ఎత్తనియ్యకు. నువ్వే మొయ్యి. ఏడో నెల పడంగనే తోలుకొచ్చి ఇక్కడ ఉంచు."

అయినా నా అనుమానం పోలేదు. నన్ను ఇంట్లోంచి పంపడానికే ఇదంతా అనుకుంటూ, ఏడుస్తూనే వెళ్ళాను.

బిడ్డ ఆ గోడకు ఒక పక్కనే ఒదిగి పెరిగింది. తొమ్మిదో నెలలో కాళ్ళు ముందు పెట్టుకుని పుట్టింది. డాక్టరమ్మ చేతుల్లోనే తొలి ఏడుపు ఏడ్చింది.

ఆ రోజే మా ఆయన తల దించుకుని చెప్పాడు. "ఆవేళ గదిలో ఇంకో పెళ్ళి మాట ఎత్తింది నేనే. 'ఆ మాట మళ్ళంటే నా గడప తొక్కకు' అని డాక్టరమ్మ తిట్టారు."

ఆవిడ మాత్రం ఆ సంగతి నాతో ఎన్నడూ అనలేదు.

ఇంటికి బయల్దేరినప్పుడు బండిలోంచి వెనక్కి చూశాను. డాక్టరమ్మ మెట్ల మీద నిలబడి కొంగుతో మెడ తుడుచుకుంటూ, అప్పుడే గేటు దగ్గర దిగిన ఎవరో గర్భిణికి చెయ్యి అందిస్తున్నారు.