మొగ్గు లేని తూకం

జ్వరం సిరప్ సీసా మూత తిప్పగానే వచ్చే నారింజ వాసన నాకెప్పుడూ తీపిగా అనిపించదు. ఇవాళ పొద్దున గుంటూరులో మా పిల్లల వార్డులో కొత్తగా చేరిన నర్సు ఆ సీసా తెరిచి, "మూడేళ్ల పాపే కదా మేడమ్, ఒక మూత పోసెయ్యనా?" అంది. నేను జవాబు చెప్పేలోపే గ్రేసమ్మ గారి గొంతు చెవిలో పలికింది: "మందుకి వయసు తెలియదే పిల్లా, బరువే తెలుసు." ముందు పాపను కాటా మీద పెట్టమన్నాను.

గ్రేసమ్మ గారు వినుకొండలో ఒక చిన్న పిల్లల ఆసుపత్రిలో సీనియర్ నర్సు. చదువు ముగించి నేను మొదట చేరింది ఆవిడ కిందే. పొట్టి మనిషి, పెద్ద నోరు. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే మిగతా రోజులు వార్డులో కేకలేసేవారు. బిడ్డను తూచకుండా చుక్క మందు పట్టనిచ్చేవారు కాదు. చొక్కా విప్పించి, వెండి మొలతాడూ కడియాలూ తీయించేవారు. దిష్టి తగులుతుందని తల్లులు గొణిగితే, అంకె పైకి చదవకుండా నా అరచేతిలో వేలితో రాసి చూపేవారు. ఆ తర్వాత లెక్క. కిలోకి పదిహేను మిల్లీగ్రాములైతే ఎనిమిది కిలోల బిడ్డకి నూట ఇరవై. మరి ఈ సీసాలో ఐదు ఎం.ఎల్.కి ఎంతుంది? "సీసా మారితే లెక్క మారుద్ది. వచ్చు కదా అని సీసా చదవడం మానకు" అనేవారు. నా లెక్క చూడకుండా తాను విడిగా వేసేవారు. రెండూ కలిస్తేనే మందు. ఇంత చదివొచ్చిన దానిచేత ఎక్కాలు అప్పజెప్పిస్తున్నారని నాకు ఒళ్లు మండేది.

మిరప కోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒక రైతు కుటుంబం ఆటో దిగి పరుగున లోపలికి వచ్చింది. తల్లి చేతుల్లో మూడేళ్ల పిల్లాడు ఫిట్స్‌తో కొట్టుకుంటున్నాడు. డాక్టరు గారు మందు పేరు చెప్పి, బరువెంత అని అడిగారు.

"పదిహేను కిలోలండి, మొన్ననే తూచాం" అన్నాడు తండ్రి.

నేను సిరంజి అందుకున్నాను. ఆ మందు తక్కువైతే ఫిట్స్ ఆగవు, ఎక్కువైతే ఊపిరి ఆగిపోవచ్చు. గ్రేసమ్మ గారు నా మణికట్టు పట్టుకున్నారు.

"ఎక్కడ తూచారయ్యా?"

"పెదకాకాని గుళ్లోనండి. మొక్కుంటే బెల్లం తులాభారం ఇచ్చాం, పదిహేను కిలోలు పట్టింది."

"మొగ్గు ఎంతేశారు?"

మా వైపు కొట్లో ఏది కొన్నా తక్కెడ కాస్త మనవైపు వంగేదాకా ఊరుకోం. ఆ వంపే మొగ్గు. తండ్రి వెనక్కి తిరిగి పిల్లాడి నాయనమ్మను చూశాడు.

"దేవుడి దగ్గర పిసినారితనమేంటమ్మా. బెల్లం తట్ట నేలకి ఆనేదాకా పెట్టించాను" అంది ఆవిడ.

గ్రేసమ్మ గారు తల్లిని బిడ్డతో సహా కాటా ఎక్కించారు. బిడ్డను బల్ల మీదికి తీసుకుని, తల్లిని ఒక్కదాన్నే మళ్లీ తూచారు. తీసివేస్తే పదకొండు. డాక్టరు గారు పదకొండుకే ఇవ్వమన్నారు. ఇద్దరం విడివిడిగా లెక్క వేశాం, రెండూ కలిశాయి. మందు వెళ్లిన కాసేపటికి పిల్లాడి ఒళ్లు నెమ్మదించింది. ఊపిరి సమంగా ఆడేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు.

గండం గడిచాక తండ్రికి కోపం వచ్చింది. "నీ బెల్లం వాడి ప్రాణం తీసేదే" అని తన తల్లి మీద విరుచుకుపడ్డాడు. ముసలావిడ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఆవిణ్ణంటావేంటయ్యా, బరువు చెప్పింది నువ్వు కదా" అని అతణ్ణి కసిరి, గ్రేసమ్మ గారు ఆవిడ పక్కన కూర్చున్నారు. "దేవుడికి ఎంతైనా పెట్టు పెద్దమ్మా. నాకు మాత్రం ఉన్నంతే చెప్పు."

నాకు లోపల తండ్రి మాటే సబబనిపించింది. అది నా ముఖంలో కనబడిందేమో, వరండాలోకి వచ్చాక గ్రేసమ్మ గారు అన్నారు: "ఆవిడ అబద్ధమాడలేదే. ప్రేమతో తూచింది. మనం భయంతో తూచాలి. ఎవరి పని వాళ్లది."

గ్రేసమ్మ గారు పోయి కొన్నేళ్లయింది. బిడ్డ బరువు కాస్త ఎక్కువ చేసి చెప్పే తల్లులు ఇప్పటికీ వస్తూనే ఉంటారు. నేను ఎవరినీ కసరను, కాటా చూపిస్తాను. సిరంజి నింపాక మాత్రం నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మొన్న ఈ సంగతి చెబితే మావారు, ఇన్నేళ్ల సర్వీసు తర్వాత కూడా భయమేంటని నవ్వారు. నాకున్న చదువంతా అదేనని ఆయనకెలా చెప్పను?