అందరి వేళ్లూ తిరిగిన పెన్ను

ఇంగువ పోపు వాసనకి కడుపులో తిప్పిన పొద్దు నాకు బాగా గుర్తు. ఇంగువ పడని పప్పుచారు పప్పుచారే కాదని వాదించే మనిషిని నేను. ఆ రోజు పోపు చిటపటలాడుతుండగానే సింకు దగ్గరికి పరుగెత్తాను. హాల్లో పేపరు చదువుకుంటున్న మా ఆయన తలెత్తి, "ఏంటోయ్, ఈ వయసులో శుభవార్తా?" అన్నారు. నాకప్పటికి యాభై దాటాయి. కడుపులో వికారంగా ఉన్నా నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

మేముండేది జనక్‌పురిలో. ఆయనది కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు ఉద్యోగం. మా ఊరు తెనాలి పక్కనే అయినా, పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఢిల్లీయే మా ఊరైపోయింది. ఒంట్లో బాగాలేకపోతే పడుకునే అలవాటు నాకు లేదు. గ్యాస్ అనుకున్నాను. జీలకర్ర నీళ్లు తాగాను. కీళ్లు పట్టేస్తే చలి అనుకున్నాను. అన్నం చూస్తే ఏవగింపు పుడితే ఉపవాసం అనుకున్నాను. చివరికి మూత్రం ఆవనూనె రంగులో వచ్చింది. మర్నాడు అద్దం ముందు బొట్టు పెట్టుకుంటుంటే నా కళ్లు నాకే పరాయివిగా కనిపించాయి. తెల్లగుడ్డు తెల్లగా లేదు, పసుపు ముద్దలా ఉంది.

కాలనీ డాక్టరమ్మ రాసిన లివర్ టెస్టులో, నలభై దాటకూడని ఎస్‌జీపీటీ వేలల్లో వచ్చింది. "ఆంటీజీ, లివర్ స్పెషలిస్ట్‌కి చూపించండి, ఆలస్యం చేయొద్దు" అంది ఆవిడ. సాకేత్‌లో ఒక ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరు కుర్రవాడే, ఓపికున్న మనిషి. రిపోర్టు చూసి, "హెపటైటిస్ బి రియాక్టివ్, అంటే ఉన్నట్టే" అన్నాడు. ఇక ప్రశ్నలు. ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? లేదు. ఆపరేషన్? లేదు. పళ్ల డాక్టరు? లేదు. పచ్చబొట్టు? అయ్యో, లేదు. అప్పుడు ఆయన కొంచెం గొంతు తగ్గించి, "ఔర్ కోయీ పార్ట్‌నర్?" అన్నాడు. మొగుడు కాక ఇంకెవరైనా ఉన్నారా అని. పక్క కుర్చీలో మొగుడు కూర్చునే ఉన్నాడు. నేను గది బయటికి వినపడేంత గట్టిగా "నహీ" అన్నాను.

మా ఆయనకీ టెస్టు చేశారు. నెగిటివ్. నాకు ఐజీఎమ్ అని ఇంకో టెస్టు చేశారు. "రీసెంట్ ఇన్ఫెక్షన్. ఈ కొద్ది నెలల్లోనే వచ్చింది" అన్నాడు డాక్టరు. ఫైళ్లలో తప్పులు పట్టడం మా ఆయన ఉద్యోగం. తనకి లేదు, నాకు కొత్తగా వచ్చింది. ఈ రెండూ కలిపి కూడుకోవడానికి ఆయనకి ఎంతో సేపు పట్టలేదు. కారులో సగం దూరం వచ్చాక, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా అడిగారు.

"ఎక్కడ తగిలించుకున్నావ్?"

జబ్బు గురించి ఎవరైనా అడిగితే లివర్ వాపు, దురద, నీరసం అని చెప్తాను. నిజానికి నాకు వచ్చిన జబ్బు ఆ ఒక్క మాటే.

వారం తిరిగేసరికి కామెర్లు ముదిరి బిలిరుబిన్ ఇంకా పెరిగింది. మంచం దిగి బాత్రూముకి వెళ్లడానికి గోడ పట్టుకునేదాన్ని. ఒంటిమీద చీర తగిలినా దురదే. ఐఎన్ఆర్ పెరుగుతోంది, రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతోందని అడ్మిట్ చేసుకున్నారు. "దీనికి మందు అంటూ పెద్దగా లేదు, బాడీయే తరిమేయాలి. ఆరు నెలల తరవాత రక్తంలో వైరస్ యాంటిజెన్ పోతే పూర్తిగా తగ్గినట్టు. పోకపోతే జీవితాంతం ఉంటుంది" అన్నాడు డాక్టరు. మా ఆయన రోజూ వచ్చేవారు. పళ్లరసం తెచ్చేవారు. గ్లాసు నా చేతికివ్వకుండా టేబుల్ మీద పెట్టేవారు.

ఓ రౌండ్‌లో డాక్టరు చార్టు తిరగేస్తూ, "షుగర్ బార్డర్‌లో ఉంది. ఇంట్లో చూసుకుంటారా?" అని అడిగాడు. చూసుకుంటామండీ, కిట్టీలో, అన్నాను. ఆయన కలం ఆగింది.

కిట్టీ అంటే ఢిల్లీలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. నెలకోసారి ఒకరింట్లో ఆడవాళ్లం చేరి తినడం, తంబోలా ఆడడం. మాది తెలుగువాళ్ల కిట్టీ. మా పెద్ద దిక్కు ఇందిరక్క. బూరెలూ, మైసూర్‌పాకూ ఎవరు ఎన్ని తినొచ్చో తేల్చడానికి ఇందిరక్క ఓ ఆట పెట్టింది. భోజనాలకి ముందు అందరం షుగర్ చూసుకోవాలి. ఒకటే మిషన్, వేలు గుచ్చే పెన్ను ఒకటే. అది చేతులు మారుతూ సోఫా చుట్టూ తిరిగేది. అందరికన్నా తక్కువ వచ్చినావిడ ఆ నెల 'షుగర్ రాణి'. ఆవిడకి మొదటి బూరె. నేను రెండుసార్లు రాణినయ్యాను, తెలుసా.

"సూది మాత్రం ఎవరికి వాళ్లం కొత్తది వేసుకుంటాం డాక్టర్ సాబ్. దూదికి డెట్టాల్ అద్ది పెన్ను తుడుస్తాం" అని గొప్పగా చెప్పాను.

"సూది మారిస్తే ఏమవుతుంది? వేలు ఆనించే ఆ క్యాప్ మారుస్తారా? లోపల రక్తం అంటుకుంటుంది కదా. పైపైన తుడిస్తే లోపలిది పోతుందా? ఎండిపోయిన రక్తంలో కూడా ఈ వైరస్ రోజుల తరబడి బతికుంటుంది. మీరు ఒక వేలి నుంచి ఇంకో వేలికి నిమిషంలో మారుస్తున్నారు." మళ్లీ ఆయనే, "ఇలాగే వచ్చిందని ప్రూఫ్ లేదు. కానీ అందరూ టెస్టు చేయించుకోవాలి. చెప్పండి వాళ్లకి" అన్నాడు.

మా ఆయన అంతా విన్నారు. లిఫ్టు దాకా డాక్టరు వెంట వెళ్లొచ్చి, నా మంచం పక్కన నిలబడి, "మొత్తానికి డాక్టరు నీకో దారి చూపించాడు. బాగానే పట్టుకున్నావ్" అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలా తగిలింది.

సరే, దారి దొరికింది కదా. ఆ కిట్టీలో ఇంకొక్కరికి పాజిటివ్ వస్తే చాలు, నా పరువు నాకొస్తుంది. ఆసుపత్రినుంచే ఇందిరక్కకి ఫోన్ చేసి, అందరూ టెస్టు చేయించుకోవాలని చెప్పాను.

"అదేం మాటే సుగుణా! మనవాళ్లెవరికీ అలాంటి రోగాల్లేవమ్మా. సంసారులం" అంది.

కిట్టీలోనే పద్మ అని నాకన్నా చిన్నది, నేనంటే ప్రాణం పెట్టే పిల్ల. అది కూడా, "మీరేమీ అనుకోకండి వదినా, నిప్పు లేందే పొగ రాదంటారుగా…" అని నసిగింది. దానికి ఆరుసార్లు గోంగూర పచ్చడి పట్టిచ్చిన చేతులు ఇవి.

తిరగగలిగే ఓపిక రాగానే కిట్టీకి వెళ్లాను. వద్దనే ధైర్యం ఎవరికీ లేదు. అందరికీ స్టీలు కంచాలు, నాకు కాగితం ప్లేటు. నేను నీళ్లకి లేస్తే, నా కుర్చీని పద్మ డెట్టాల్ గుడ్డతో తుడిచేసింది. అది నేను చూశానని తనూ చూసింది. ఆ తరవాత పెన్ను బయటికొచ్చింది. అదే నీలం పెన్ను. నన్ను దాటించి మిగతా అందరి చేతులూ తిరుగుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"కుర్చీ తుడిచారు, బాగుంది. రక్తం తాగే దాన్ని మాత్రం ముద్దు చేస్తున్నారేంటే! మీ బుద్ధులు తగలెయ్య!" అని అరిచాను. ఎవరో తంబోలా టికెట్లు పంచడం మొదలుపెట్టారు.

ఆ రోజు నుంచీ దీపం పెట్టినప్పుడల్లా ఒకటే మొక్కాను. దేవుడా, వీళ్లలో ఒకళ్లకి రావాలి. చెప్పడానికి నాకు సిగ్గులేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా మంచివాళ్లుగా ఉంటే నా బతుకేం కావాలి?

దేవుడు విన్నాడు. సాకేత్‌లో చెకప్‌కి వెళ్లినప్పుడు లివర్ ఓపీ ముందు, చివరి కుర్చీలో, మాస్కు పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. మాస్కు కళ్లదాకా లాక్కున్నా ఆ జరీ అంచు శాలువా నాకు తెలుసు. కలిసే కొన్నాం. జనక్‌పురిలో ఎవరి కంటా పడకూడదని ఇంత దూరం వచ్చింది. మా ఆయన కింద మందుల షాపు దగ్గరున్నారు. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఇందిరక్క ఒళ్లో ఫైలు బోర్లించింది.

"నీకూ వచ్చిందా అక్కా?"

ఫైలు మీద శాలువా కప్పింది. "పాతదట. ఎప్పటినుంచో ఉందట. రెండో కాన్పులో రక్తం ఎక్కించారుగా, అప్పుడేమో అంటున్నారు. నాకు మాత్రం ఏం తెలుసే? నీ ఫోను వచ్చాక భయమేసి చేయించుకున్నా."

"నా ఫోను వచ్చి నాలుగు నెలలైంది."

"అవును."

"మా ఇంట్లో నన్ను ఎలా చూస్తున్నారో తెలుసుగా నీకు? ఒక్క మాట చెప్పు. ఆయనకి ఒక్కరికి."

ఇందిరక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ నెలల్లో నా చెయ్యి పట్టుకున్న మనిషి అదే. "నీ పరువు ఎలాగూ పోయిందిగా సుగుణా," అంది, ఎంతో ప్రేమగా. "నాది కూడా ఎందుకే?"

మెట్ల మీద మా ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. పైకొచ్చిన వెంటనే ఈ మాట చెప్తే చాలు, ఈ ఫైలు చూపిస్తే చాలు. చెప్పలేదు. దాని మీద దయతో కాదు. ఇరవై ఆరేళ్లు కాపురం చేసి, ఇంకో ఆడదాని రిపోర్టు చూస్తే గానీ నన్ను నమ్మని మొగుడు నమ్మినా ఒకటే, నమ్మకపోయినా ఒకటే అనిపించింది. ఇందిరక్క చెవిలో మాత్రం, "ఆ పెన్ను పారేయించు. అందరికీ టెస్టు చేయించు. లేకపోతే నీ పేరు నేనే చెప్తా" అన్నాను.

నేనన్నట్టే చేసింది. ఎలా చేసిందంటారా? తర్వాతి కిట్టీ తన ఇంట్లో పెట్టి, రిటర్న్ గిఫ్టుగా తలా ఒక కొత్త పెన్ను పంచింది. దాని మీద బొట్టు కూడా పెట్టింది. "మన సుగుణకి జరిగింది ఇంకెవరికీ జరగకూడదని" అని కళ్లొత్తుకుంది. చప్పట్లు. "ఎంత మంచి మనసక్కా నీది" అంది పద్మ. టెస్టులు కూడా అయ్యాయి. అందరికీ నెగిటివ్. "నాకూ నెగిటివే" అని ఇందిరక్క అందరికన్నా ముందు చెప్పింది. ఆ సాయంత్రమే పద్మ మొగుడి ద్వారా ఆ వార్త మా ఆయనకి చేరింది.  నా వంక చూసి టీవీ గొంతు పెంచారు.

ఆరు నెలలకి నా యాంటిజెన్ పోయింది. "ముబారక్ హో ఆంటీజీ, బాడీయే గెలిచింది" అన్నాడు డాక్టరు. మా ఆయన దారిలో కారాపి కలాకంద్ కొన్నారు. డబ్బా నా చేతికే ఇచ్చారు. "పోన్లే. అయిందేదో అయిపోయింది. నేను మనసులో పెట్టుకోను" అన్నారు. నన్ను క్షమించారట. కలాకంద్ చాలా బాగుంది, మొత్తం నేనే తిన్నాను.

ఇప్పుడు ఇంగువ సయిస్తోంది. పొద్దున్నే పార్కులో నడుస్తాను. కిట్టీకి వెళ్లను. షుగర్ ఇంట్లోనే చూసుకుంటాను. నా పెన్ను నా పేరు రాసిన డబ్బాలో ఉంటుంది.

మొన్న పొద్దున మా ఆయనకి కళ్లు తిరిగాయి. సోఫాలో కూలబడి, "సుగుణా, నీ పెన్ను ఇలా తే, కొత్త సూది వేసి ఒకసారి చూద్దాం" అన్నారు.

"నాదెందుకండీ మీకు?" అన్నాను. "ఎక్కడ తగిలించుకున్నానో తెలీని మనిషిని కదా."

ఆయన ముఖంలో రక్తం లేదు. అలమారలోంచి ఆయన కోసం ఎప్పుడో కొనుంచిన పెన్ను తీసి, సీలు విప్పి చేతికిచ్చాను. షుగర్ బాగా తక్కువ చూపించింది, పంచదార నీళ్లు కూడా కలిపి ఇచ్చాను. గ్లాసు చేతికే ఇచ్చాను.

చదివేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. బీపీ పట్టీ, వేలికి పెట్టే ఆక్సీమీటరు మనిషి మనిషికీ మధ్య తుడిచి వాడుకోవచ్చు. షుగర్ మిషన్ ఇంకొకరు వాడక తప్పకపోతే, ప్రతిసారీ డిసిన్‌ఫెక్టెంట్ వైప్‌తో శుభ్రంగా తుడిచి, ఆరాకే వాడండి. వేలు గుచ్చే పెన్ను మాత్రం, సూది మార్చినా సరే, ఇంకొకరికి ఇవ్వకండి, ఇంకొకరిది తీసుకోకండి. అక్క అన్నా, చెల్లి అన్నా, మొగుడన్నా సరే. మీకేమైనా అయితే ఆ పెన్నుని ఎవరూ అడగరు, మిమ్మల్నే అడుగుతారు.